గుండె డాక్టరుకు కెమిస్ట్రీ నోబెల్ ఎందుకిచ్చారు?

సోమశిల రేవు · ఫిబ్రవరి 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను కొల్లాపూర్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఫిబ్రవరి 28న సైన్స్ డే. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు మొన్న క్లాసయ్యాక గోళీల పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ళ నాన్నది. సగం గోళీలు అయిపోయాయి, వెనక రేకు చిరిగి మందు పేరులో నాలుగు అక్షరాలే మిగిలాయి. గుండెకిచ్చే మెటోప్రొలాల్ అయి ఉంటుందనుకున్నాను, వాడు అవునన్నాడు.

"మేడం, ఈ గోళీ పొట్టలకు పోతది కదా. దానికి గుండె ఎక్కడుందో ఎట్ల తెలుస్తది?"

రక్తంలో కలిసి పోతుంది అన్నాను. "రక్తం కాలి బొటనవేలికి కూడా పోతది కదా మేడం" అన్నాడు. రేపు చెప్తా అన్నాను. ఆ రేపు అయిపోయి ఐదు రోజులైంది, వాడు నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నాడు.

వెతికితే రాబర్ట్ లెఫ్కోవిట్జ్ అనే అమెరికా గుండె డాక్టరు పేరు వచ్చింది. 2012 నోబెల్. అయితే మెడిసిన్‌లో కాదు, కెమిస్ట్రీలో. ఆయన ఏం చేశాడో పిల్లలకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా? తాళం, తాళంచెవి బొమ్మ నేనూ గీయగలను. అది వద్దు.

పానగల్లు · ఫిబ్రవరి 11, రాత్రి 10:15

మేడం, నల్లగొండలో మందుల షాపు నాది, ముప్ఫై ఏళ్ళయింది. ఈ ప్రశ్న ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగేది ఒకటే, తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని.

గోళీకి ఏమీ తెలియదు. బొటనవేలికీ పోతుంది, అక్కడ దానికి పని తక్కువ, అంతే. గుండె కణాల మీద బీటా రిసెప్టర్లు బాగా ఉంటాయి. భయమో కోపమో వచ్చినప్పుడు గుండెను పరుగెత్తించే హార్మోన్ అడ్రినలిన్, అది వచ్చి కూర్చునే చోటు ఇది. ఈ మందు ముందే వెళ్ళి అక్కడ కూర్చుంటుంది, కానీ ఏ పనీ చేయదు. కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు.

గోళీకి దారి తెలియదనడానికి రుజువు కూడా షాపులోనే ఉంది. ఇదే రకం పాత మందు ప్రొప్రనలాల్‌ను ఆస్తమా ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ఊపిరి గొట్టాల్లో కూడా బీటా రకం రిసెప్టరే ఉంటుంది, అక్కడా కూర్చుని గొట్టాలు బిగుసుకునేలా చేస్తుంది. గుండెలో ఎక్కువగా ఉండేది బీటా 1, ఊపిరి గొట్టాల్లో బీటా 2. మెటోప్రొలాల్ బీటా 1నే ఎక్కువగా పట్టుకుంటుంది. అలాగని పూర్తిగా దాన్నే అని కాదు.

పిల్లలమర్రి · ఫిబ్రవరి 12, ఉదయం 6:05

ఇలా బీటా సీటు ఆపే మందును, అంటే బీటా బ్లాకర్‌ను, కనిపెట్టింది జేమ్స్ బ్లాక్. స్కాట్లాండ్ ఆయన. ఆయనకు 1988లోనే నోబెల్ ఇచ్చారు. మళ్ళీ అదే రిసెప్టర్ పేరు మీద 2012లో ఇంకొకరికి ఎందుకు? ఒకే ఇంటికి రెండుసార్లు ఇంటిపన్ను కట్టించుకున్నట్టుంది.

డిండివాగు · ఫిబ్రవరి 12, రాత్రి 11:30

మాది దేవరకొండ దగ్గర. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఈ రిసెప్టర్ల జాతి ప్రోటీన్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నా, ఐదో ఏడు. (ఎప్పుడు అయిపోతుందని దయచేసి ఎవరూ అడగొద్దు, ఇంట్లో అడిగేది చాలు.) కాస్త పెద్దగా రాస్తాను.

పిల్లలమర్రి సార్, బ్లాక్ మందు చేశాడు, నిజమే. ప్రొప్రనలాల్ 1964 నాటికే వచ్చింది. కానీ ఆ మందు దేని మీద కూర్చుంటుందో అప్పటికి ఎవరూ చూడలేదు. కణం మీద ఏదో అందుకునే పదార్థం ఉండాలని 1905లో ఇంగ్లండ్‌లో లాంగ్లీ అన్నాడు. 1948లో అమెరికాలో ఆల్‌క్విస్ట్, అడ్రినలిన్ లాంటి మందులు ఒక్కో అవయవంలో ఒక్కో తీరుగా పనిచేయడం చూసి, ఆల్ఫా, బీటా అని రెండు రకాలుండాలన్నాడు. ఆ వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిప్పి పంపింది. విచిత్రం ఏమిటంటే ఆల్‌క్విస్ట్ కూడా వాటిని లెక్క కుదరడం కోసం పెట్టుకున్న భావనగానే చూశాడు, చేత్తో పట్టుకునే వస్తువుగా కాదు. అత్తగారింటి నుంచి ఉత్తరాలు వస్తున్నాయి, అత్తను మాత్రం ఎవరూ చూడలేదు. అదీ పరిస్థితి.

లెఫ్కోవిట్జ్ 1943లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు. ఇంటికొచ్చి చూసే ఫ్యామిలీ డాక్టరును చూసి చిన్నప్పుడే డాక్టరు కావాలనుకున్నాడు. 1966లో కొలంబియాలో మెడిసిన్ అయింది. పరిశోధన చేయాలని ఆయనకు లేనే లేదు. వియత్నాం యుద్ధం రోజులు, డాక్టర్లను కూడా సైన్యంలోకి తీసుకుంటున్నారు. ప్రజారోగ్య సేవ కింద జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేస్తే అదీ సర్వీసు కిందికే వస్తుంది. అలా 1968లో ల్యాబ్‌లోకి వచ్చాడు. అదే ఏడు అక్కడ చేరినవాళ్ళలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్, వార్మస్ కూడా ఉన్నారు. ముగ్గురికీ తర్వాత నోబెల్ వచ్చింది. ఆ ఏడు క్యాంటీన్ నీళ్ళలో ఏముందో!

ఆయనకిచ్చిన పని ఏసీటీహెచ్ అనే హార్మోన్‌కు రేడియోధార్మిక అయోడిన్ అంటించి, అది కణంలో ఎక్కడ కూర్చుంటుందో కనిపెట్టడం. ఏడాది దాటినా ఏదీ పనిచేయలేదు. చదువులో ఎప్పుడూ ఫస్టు వచ్చినవాడికి అది కొత్త అనుభవం. ఆ మధ్యలోనే తండ్రి గుండెపోటుతో పోయాడు. ఇక ల్యాబ్ మనకు పడదు, రోగుల దగ్గరికి వెళ్ళిపోదాం అని బోస్టన్‌లో రెసిడెన్సీ ఖాయం చేసుకున్నాక ప్రయోగం కుదిరింది. 1970లో అచ్చయింది.

బోస్టన్‌కు వెళ్ళాడు. గుండె రోగులను చూశాడు. ల్యాబ్ లేకుండా ఉండలేనని అక్కడ తెలిసింది. గుండె డాక్టరు కాబట్టి గుండె మీది బీటా రిసెప్టర్‌నే పట్టుకుందామనుకున్నాడు. 1973లో డ్యూక్ యూనివర్సిటీకి వెళ్ళినప్పుడు ఆయన వయసు ముప్ఫై. ఇప్పటికీ ఆయన ఊరు అదే.

నిద్రొస్తోంది. కప్పల కథ రేపు.

బత్తాయితోట · ఫిబ్రవరి 13, ఉదయం 5:50

కప్పల కథా? ఇంతసేపు చదివించి ఇప్పుడు ఆపుతావా తమ్మీ.

డిండివాగు · ఫిబ్రవరి 13, రాత్రి 10:20

అన్నా, చెప్తున్నా.

మొదట ఒక దెబ్బ తిన్నారు. అడ్రినలిన్ చుట్టం నార్అడ్రినలిన్‌కే రేడియోధార్మికత అంటించి గుండె కణాల పొరల మీద వేశారు. అంటుకుంది. దొరికిందనుకున్నారు. తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. ఈ అణువుకు అద్దంలో బొమ్మలా రెండు రూపాలుంటాయి, కుడి చేతి చెప్పు, ఎడమ చేతి చెప్పు అన్నట్టు (సరే, కాలి చెప్పు). శరీరం ఒక రూపానికే బాగా స్పందిస్తుంది. వీళ్ళు పట్టుకున్న చోట్లు మాత్రం రెండింటినీ ఒకేలా పట్టుకున్నాయి. అంటే అవి అసలువి కావు, జిగురుగా ఏదో అంటుకుంటోంది, అంతే. అచ్చయిన పని, అందరి ముందు తప్పని తేలింది. నా మూడో ఏడు ఇలాంటిదే జరిగింది, నేను వారం రోజులు ల్యాబ్‌కే పోలేదు.

వాళ్ళు మందు మార్చారు. అడ్రినలిన్ వదిలేసి, రిసెప్టర్‌ను ఇంకా గట్టిగా పట్టుకునే బీటా బ్లాకర్ అల్‌ప్రెనొలాల్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్ పెట్టారు. కప్ప ఎర్ర రక్తకణాల మీద వేశారు. వాటి మీద బీటా రిసెప్టర్లుంటాయి, తీయడం తేలిక, అన్నీ ఒకే రకం కణాలు. 1974లో లెక్క కుదిరింది. ఈసారి కుడి ఎడమల తేడా కూడా సరిగ్గా వచ్చింది. ఒక కణం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టగలిగారు. "ఉన్నాయా లేవా" అన్న వాదన దాంతో చాలావరకు చల్లబడింది.

లెక్క తేలింది, ఇక ఆ ప్రోటీన్‌ను మిగతా వాటి నుంచి విడదీయాలి. ఇది పదేళ్ళ చాకిరీ. మార్క్ క్యారన్ అనే కెనడా ఆయన పక్కన నిలబడ్డాడు. హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు ఊపిరితిత్తుల నుంచి తీశారు. అసలు ప్రోటీన్ ఎంత తక్కువంటే దాదాపు లక్ష రెట్లు శుద్ధి చేయాలి. బస్తా బియ్యంలో నాలుగు గింజలు ఏరినట్టు అనుకోండి, ఆ గింజలు కూడా గాలి తగిలితే పాడయ్యే రకం.

సోమశిల రేవు · ఫిబ్రవరి 13, రాత్రి 10:41

బియ్యం గింజల లెక్క పిల్లలకు బాగుంటుంది. జన్యువు దగ్గర ఏం జరిగింది?

డిండివాగు · ఫిబ్రవరి 13, రాత్రి 11:15

అక్కడే అసలు మలుపు మేడం. 1984లో బ్రయన్ కొబిల్కా అనే కుర్ర డాక్టరు ఆ ల్యాబ్‌లో చేరాడు. మినసోటాలో చిన్న ఊరు, ఇంట్లోవాళ్ళది బేకరీ. శుద్ధి చేసిన ప్రోటీన్‌లో చిన్న చిన్న ముక్కల వరుస చదివి, మెర్క్ కంపెనీ వాళ్ళతో కలిసి జన్యువును పట్టుకున్నారు. 1986లో వచ్చింది. వరుస మొత్తం చదివి చూస్తే అది కంట్లో వెలుతురును పట్టే రొడాప్సిన్‌ను పోలి ఉంది! గుండెను పరుగెత్తించేదీ, వెన్నెలను చూపించేదీ ఒక కుటుంబమని అప్పటిదాకా ఎవరనుకుంటారు? రెండూ కణం పొరలోంచి ఏడుసార్లు దూరి వస్తాయి.

మా అమ్మ బొంత కుట్టేటప్పుడు చూశారా, సూది పైకీ కిందికీ పోతుంది. ఏడుసార్లు దూరితే దారం మొదలు పైన, చివర కింద. రిసెప్టర్ కూడా అంతే. ఒక కొస కణం బయట, ఇంకో కొస లోపల. బయట తగిలింది లోపలికి తెలియాలంటే అలాగే ఉండాలి. మనిషిలో ఈ కుటుంబంవి సుమారు 800 ఉన్నాయి, అందులో సగం దాకా వాసన పట్టేవే. మనం వాడే మందుల్లో పెద్ద భాగం వీటి మీదే పనిచేస్తాయి.

పిల్లలకు ఒక దుప్పటి, లావు ఊలు దారం ఇచ్చి కుట్టమనండి.

బత్తాయితోట · ఫిబ్రవరి 14, ఉదయం 6:10

నాకు అర్థమైంది నేను చెప్తా, తప్పైతే దిద్దు. మా బోరుకు సెల్ స్టార్టర్ పెట్టించిన. ఇంట్లో కూర్చుని రింగిస్తే తోటలో మోటరు తిరుగుతది. నేను తోటకు పోలేదు, ఫోనూ పోలేదు. అడ్రినలిన్ ఇంట్లోనే ఉండి రింగిస్తది, కణం లోపల మోటరు తిరుగుతది. అంతేనా?

డిండివాగు · ఫిబ్రవరి 14, ఉదయం 8:00

అన్నా, నా వైవాలో ఇదే చెప్తా. స్టార్టర్‌కూ మోటరుకూ మధ్య వైరులాంటివి జి ప్రోటీన్లు. వాటికి 1994లో గిల్మన్, రాడ్‌బెల్‌లకు మెడిసిన్ నోబెల్ వచ్చింది.

పిల్లలమర్రి · ఫిబ్రవరి 14, ఉదయం 8:20

మూడో పన్ను.

డిండివాగు · ఫిబ్రవరి 14, రాత్రి 9:55

సార్, కథ ఇంకా ఉంది, ఉండండి.

మోటరు ఆగకుండా తిరిగితే కాలిపోతుంది కదా. అడ్రినలిన్ రింగిస్తూనే ఉంటే కణం కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. ఎలా? రిసెప్టర్ లోపలి కొస మీద ఫాస్ఫేట్ గుర్తు పెట్టే కైనేజ్ అనే ఎంజైము ఒకటుందని 1986లో ఈ ల్యాబే పట్టుకుంది. కానీ ఆ కైనేజ్‌ను ఎంత శుద్ధి చేస్తే అంత తక్కువ పనిచేసేది. మామూలుగా అయితే ఎక్కడో చేయి జారిందని తిట్టుకుంటాం. వాళ్ళు తిరగేసి ఆలోచించారు: శుద్ధి చేసేటప్పుడు తోడుదొంగ ఎవరో కొట్టుకుపోతున్నారు. కంట్లో అలాంటి ప్రోటీన్ ఒకటుందని, దాని పేరు అరెస్టిన్ అని తెలుసు. గుండె వైపు దాని చుట్టం ఉండాలి. 1990లో దొరికింది, బీటా అరెస్టిన్. గుర్తు పడిన రిసెప్టర్ మీద అది వచ్చి కూర్చుంటే జి ప్రోటీన్‌కు చోటుండదు. ఫ్యూజు పీకినట్టే.

నాకు ఈయన కథలో అన్నిటికంటే ఇష్టం ఈ ఘట్టమే, నోబెల్ కాదు. ప్రయోగం పాడైందనుకున్న చోట ఆగి చూడటం.

కెమిస్ట్రీ ఎందుకంటే, చివరికి ఇది ఒక అణువు ఆకారం కథ. కొబిల్కా స్టాన్‌ఫర్డ్‌కు వెళ్ళి 2007లో ఈ రిసెప్టర్‌ను స్ఫటికంగా చేసి ఆకారం చూపించాడు. 2011లో ఇంకా కష్టమైనది: రిసెప్టర్ జి ప్రోటీన్‌ను పట్టుకుని ఉన్న క్షణం. మరుసటేడు గురుశిష్యులిద్దరికీ కలిపి ఇచ్చారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లో అరుణ్ శుక్లా ఈ అరెస్టిన్ల మీదే పనిచేస్తున్నారు, ఆయన కూడా లెఫ్కోవిట్జ్ ల్యాబ్‌లో ఉండి వచ్చినవారే.

గుట్టకింది ఊరు · ఫిబ్రవరి 15, మధ్యాహ్నం 2:30

రోజూ చదువుతున్నా, ఇవాళ రాస్తున్నా.

అమ్రాబాద్ గుట్టల వైపు మా ఊరు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎండాకాలం, గడ్డివామి పక్కన పేర్చిన కట్టెలు తీస్తుంటే చిటికెన వేలికి ఎర్రతేలు కుట్టింది. తేలు కుడితే నొప్పి అని అందరూ చెప్తారు. నాకు గుర్తున్నది చెమట. చొక్కా పిండితే కారేంత చెమట, ఒళ్ళేమో మంచులా చల్లగా. నోట్లో చొంగ ఆగడం లేదు. మా నాయనమ్మ ఉల్లిగడ్డ రుద్దింది, ఒకాయన మంత్రం వేశాడు. చీకటి పడేసరికి దగ్గు, ఆయాసం. ట్రాక్టరు మీద దవాఖానకు తీసుకుపోయారు.

డాక్టరు చిన్న గోళీ నలిపి నీళ్ళతో తాగించి, "వీణ్ణి లేపొద్దు, ఎత్తుకోవద్దు, పడుకునే ఉండాలి" అని మా అమ్మకు నాలుగుసార్లు చెప్పాడు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకోవద్దంటే ఏం డాక్టరని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అది ప్రాజోసిన్ అని, మొదటిసారి వేసుకుని లేచి నిలబడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుందని నర్సింగ్ చదివేటప్పుడు తెలిసింది.

ఎర్రతేలు విషం ఒంట్లో అడ్రినలిన్, నార్అడ్రినలిన్ వరదలా వదిలిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నాళాలను బిగించేది ఆల్ఫా రిసెప్టర్. ప్రాజోసిన్ దాన్ని ఆపుతుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీన్ని వాడి చూపించారు. అంతకుముందు విషం బాగా ఎక్కినవాళ్ళలో నూటికి ముప్ఫై మంది దాకా చనిపోయేవారు, తర్వాత అది ఒకటి రెండుకు పడిపోయింది. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ బీటా బ్లాకర్ మాత్రమే ఇస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ కావచ్చు, ఆల్ఫాకు అడ్డు లేకుండా పోతుంది.

ఆల్ఫా, బీటా తేడా నాకు పుస్తకం మాట కాదు. నా చిటికెన వేలు.

పిల్లలమర్రి · ఫిబ్రవరి 15, సాయంత్రం 5:10

ఇదీ నేను అడుగుతున్నది. బావస్కర్ గారికి జన్యువు అక్కర్లేదు, స్ఫటికం అక్కర్లేదు. పల్లెటూరి దవాఖానలో మంచం పక్కన కూర్చుని కనిపెట్టారు. మనం సైన్స్ డేకి ఎవరి ఫోటో పెట్టాలి?

డిండివాగు · ఫిబ్రవరి 15, రాత్రి 10:05

ఒప్పుకుంటున్నా సార్. ప్రాజోసిన్ ముందు, ఆల్ఫా జన్యువులు తర్వాత. వాటిని కూడా ఈ ల్యాబే 1987, 88లలో తీసింది. కానీ అంతకుముందు ఎవరో ఆల్ఫా వేరు, బీటా వేరు అని విడదీయకపోతే ప్రాజోసిన్ అనే మందే చేతికి రాదు కదా. రెండు ఫోటోలు పెట్టమనండి మేడంను.

బత్తాయితోట · ఫిబ్రవరి 16, ఉదయం 6:00

మా నాయనకు గుండె పంపింగ్ తక్కువైందన్నరు. అయినా గుండెను నెమ్మది చేసే గోళీ రాసిండ్రు. అసలే ఎత్తిపోయే మోటరు, దాన్ని ఇంకా తగ్గిస్తే ఆగిపోదా అని మా బావ ఇంట్లో గొడవ. అదేందో చెప్పుండ్రి.

నిర్వాహకులు · ఫిబ్రవరి 16, ఉదయం 9:00

మందు ఎంత వేసుకోవాలి, ఆపాలా అనేవి ఇక్కడ చర్చించొద్దు. మందు ఎలా పనిచేస్తుందో చెప్పుకోవచ్చు.

డిండివాగు · ఫిబ్రవరి 16, రాత్రి 9:30

మీ బావ అన్నమాటే డాక్టర్లు కూడా అనేవారు అన్నా. బలహీనపడిన గుండెకు బీటా బ్లాకర్ వద్దని పుస్తకాల్లోనే ఉండేది. 1975లో స్వీడన్‌లో వాగ్‌స్టైన్ బృందం కొద్దిమందికి ఇచ్చి చూసింది, మెరుగయ్యారు, ఎవరూ పెద్దగా నమ్మలేదు. 1982లో అమెరికాలో బ్రిస్టో, గుండె మార్పిడిలో తీసేసిన పాడైన గుండెల్లో బీటా రిసెప్టర్లు లెక్కపెట్టాడు. కప్పల దగ్గర మొదలైన లెక్కే అది. మంచి గుండెతో పోలిస్తే దాదాపు సగమే ఉన్నాయి. అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడుస్తూనే ఉంటే చర్మం మొద్దుబారినట్టు. గోళీ ఆ ముల్లుగర్రను పక్కన పెట్టిస్తుంది. 1999లో రెండు పెద్ద పరీక్షలు వచ్చాయి, ఒకటి మెటోప్రొలాల్‌తో, ఇంకోటి బైసొప్రొలాల్‌తో. రెండింటిలోనూ మరణాలు 34 శాతం తగ్గాయి. కాకపోతే చాలా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, అది డాక్టరు పని.

లెఫ్కోవిట్జ్ గారి సొంత గుండె కూడా ఊరుకోలేదు, యాభై ప్రాంతంలో బైపాస్ చేయించుకున్నాడు.

బత్తాయితోట · ఫిబ్రవరి 17, ఉదయం 5:55

ముల్లుగర్ర మాట మా బావకు చెప్పిన. ఎడ్లు తోలినోడు కదా, దెబ్బకు ఊకున్నడు.

సోమశిల రేవు · మార్చి 1, రాత్రి 8:50

ఆలస్యమైంది, క్షమించండి. సైన్స్ డే అయింది. రెండు ఫోటోలూ పెట్టాం. దుప్పటి, ఊలు దారం ఆటలో ఆడపిల్లలు గెలిచారు, మగపిల్లల దారం ఆరుసార్లకే చిక్కుపడింది. ఆరైతే రెండు కొసలూ ఒకే వైపు ఉంటాయని వాళ్ళకు వాళ్ళే కనిపెట్టారు. నోబెల్ వచ్చిన రోజు లెఫ్కోవిట్జ్ చెవుల్లో దూదిలాంటివి పెట్టుకుని పడుకున్నాడని, ఫోన్ మోగినా వినపడక భార్య మోచేత్తో పొడిచి లేపిందని, ఆ రోజు చేయించుకోవాలనుకున్న క్షవరం వాయిదా పడుతుందేమోనని విలేకరులతో అన్నాడని చెబితే హాలంతా నవ్వులే.

గోళీ పట్టీ పిల్లవాడు చివర్లో వచ్చాడు. వాళ్ళ నాన్న మేస్త్రీ పనికి ముంబై పోతాడు. పోయినసారి అక్కడ గోళీలు అయిపోయి వారం వేసుకోలేదట. "గుండె దడదడ కొట్టుకున్నదని ఫోన్‌ల చెప్పిండు మేడం. గోళీ లేకపోతే మామూలుగ ఉండాలె గదా, ఎక్కువ ఎందుకు కొట్టుకుంటది?" అన్నాడు. మళ్ళీ రేపు చెప్తా అన్నాను.

డిండివాగు · మార్చి 1, రాత్రి 9:20

వాణ్ణి నా ల్యాబ్‌కు పంపండి. 1977లో లెఫ్కోవిట్జ్ ల్యాబ్ ఎలుకలకు చాలా రోజులు ప్రొప్రనలాల్ ఇచ్చి గుండెలో రిసెప్టర్లు లెక్కపెట్టింది. పెరిగాయి. సీట్లన్నీ ఎవరో ఆపి పెట్టారని కణం కొత్త సీట్లు వేసుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ సీట్లన్నీ అడ్రినలిన్‌కే.

పానగల్లు · మార్చి 1, రాత్రి 9:34

మేడం, సైన్స్ తర్వాత. ఈ మందు ఉన్నట్టుండి ఆపకూడదు, గుండెపోటు కూడా రావచ్చు. వాళ్ళ నాన్న మళ్ళీ ముంబై పోయేది ఎప్పుడు? పోకముందు డాక్టరుకు చూపించి, అక్కడుండే రోజులకు సరిపడా రాయించుకుని, చీటీ కూడా వెంట తీసుకుపొమ్మనండి. ఏ ఊళ్ళో షాపువాడైనా చీటీ చూస్తే ఇస్తాడు.

సోమశిల రేవు · మార్చి 1, రాత్రి 9:40

ఇప్పుడు అక్కడే ఉన్నాడు, ఉగాదికి వస్తాడట. పిల్లవాడి దగ్గర నంబరు తీసుకున్నాను, ఇప్పుడే చేస్తున్నా.